ప్రోస్టేట్ ఎమ్మారై అయ్యాక, రిపోర్టు చేతికొచ్చేదాకా

ఎమ్మారై గదిలోంచి బయటికొచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే చాలామంది టెక్నీషియన్‌ని అడిగేస్తారు: "ఏమైనా కనపడిందా బాబూ?" అతను "డాక్టరుగారు చూసి రిపోర్టు ఇస్తారండీ" అంటాడు. ఇక ఇంటికెళ్లేదాకా ఆ అబ్బాయి ముఖం ఎలా పెట్టాడు, ఎందుకు తల తిప్పుకున్నాడు అన్న ఆలోచనే. అందులో వెతకాల్సిందేమీ లేదు. బొమ్మలు సరిగ్గా తీయడం అతని పని, వాటిని చదవడం రేడియాలజిస్టు పని. మగవారికి మూత్రసంచి కింద ఉండే ఈ ఒక్క ప్రోస్టేట్ గ్రంథినే మూడు రకాలుగా తీస్తారు. టీ2 బొమ్మల్లో గ్రంథి నిర్మాణం కనిపిస్తుంది. డిఫ్యూజన్ బొమ్మల్లో కణాల మధ్య నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోందో తెలుస్తుంది. కాంట్రాస్ట్ బొమ్మల్లో ఇంజక్షన్ మందు ఏ భాగానికి ఎంత త్వరగా చేరిందో తెలుస్తుంది. వందలకొద్దీ ఉండే ఈ బొమ్మల్ని పక్కపక్కన పెట్టుకుని, కొలతలు తీసి, పాత స్కాన్ ఉంటే దానితో పోల్చి చూస్తేగానీ ఒక మాట రాయలేరు.

రక్తంలో పీఎస్ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్) పెరిగిందనో, మలద్వారం గుండా వేలితో పరీక్షించినప్పుడు గ్రంథి గట్టిగా తగిలిందనో యూరాలజిస్టు (మూత్ర సంబంధ వ్యాధుల డాక్టరు) కాంట్రాస్ట్ ఎమ్మారై రాసినవారి కోసం ఈ మార్గదర్శి. మీది పొట్ట మీద జెల్ రాసి చేసిన అల్ట్రాసౌండ్ అయితే రిపోర్టు సాధారణంగా అప్పుడే ఇస్తారు, ఒంటికి జాగ్రత్తలేమీ అక్కర్లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్ని ఒళ్లంతా వెతికే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ అయితే రేడియోధార్మిక మందు ఇస్తారు. కాబట్టి సెంటర్ వాళ్లు చెప్పినన్ని గంటలు పసిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాలి. ఎమ్మారైకి ఆ బాధ లేదు. అందులో రేడియేషన్ ఉండదు. ఇంటికెళ్లి మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

సూది తీసిన తర్వాతి గంట

మందు ఎక్కించడానికి చేతి నరానికి పెట్టిన కాన్యులా గొట్టం తీశాక దూదితో మూడు నుంచి ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడేవారు పది నిమిషాలు పట్టాలి. చాలామంది చేసే పొరపాటు, దూది పెట్టి మోచేయి మడిచేయడం. మడిచినప్పుడు ఆగినట్టే ఉంటుంది, చాపగానే మళ్లీ కారి చర్మం కింద నల్లగా కమిలిపోతుంది. చెయ్యి చాపి ఉంచి, మీద నుంచి అదమాలి.

ఎక్కించిన మందు గాడోలీనియం. శరీర బరువును బట్టి, మందు రకాన్ని బట్టి మామూలుగా 7 నుంచి 15 మిల్లీలీటర్ల లోపే ఉంటుంది. ఎక్కేటప్పుడు చెయ్యి చల్లబడినట్టు, నోట్లో లోహపు రుచి వచ్చినట్టు, కాస్త వికారంగా అనిపించడం మామూలే. కాసేపట్లో పోతుంది. ఎలర్జీ రావడం అరుదు, కానీ తీవ్రమైనది వస్తే ఎక్కువగా మొదటి అరగంటలోనే వస్తుంది. అందుకే "పని ఉంది, వెళ్లొస్తాం" అని తొందరపడకుండా అరగంట అక్కడే కూర్చోండి. ఒళ్లంతా దురద, దద్దుర్లు, పెదవులు ఉబ్బడం, గొంతు బిగుసుకుపోవడం, పిల్లికూతలు, కళ్లు తిరగడం, వీటిలో ఏదొచ్చినా ఆ క్షణమే నర్సుకి చెప్పాలి. ఇంటికెళ్లాక, ఆ రాత్రో మర్నాడో కొద్దిపాటి దద్దుర్లు రావచ్చు. అవి ఎక్కువవుతుంటే సెంటర్‌కి ఫోన్ చేయండి. ఏ మందుకి వచ్చిందో కాగితం మీద రాయించుకుని ఫైలులో పెట్టుకుంటే వచ్చేసారి స్కాన్ సమయానికి పనికొస్తుంది.

కొన్నిసార్లు మందు నరంలోకి కాకుండా పక్కకి వెళ్లిపోతుంది. సూది పెట్టిన చోట ఉబ్బి, మంటగా, బిర్రుగా ఉంటుంది. చెయ్యి గుండె కంటే ఎత్తులో దిండు మీద పెట్టి, బట్టలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాల చొప్పున ఉంచితే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. బొబ్బలు లేచినా, వేళ్లు తిమ్మిరెక్కినా, వాపు పైకి పాకుతున్నా అదే రోజు డాక్టరుకి చూపించాలి.

ఇంకో సూది సంగతి కూడా కనుక్కోండి. పేగులు కదిలితే బొమ్మలు మసకబారతాయి కాబట్టి కొన్ని చోట్ల స్కాన్‌కి ముందు హయోసిన్ ఇస్తారు. బస్కోపాన్ అన్న పేరుతో తెలిసిన మందు ఇదే. ఇది ఇస్తే కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు మసకగా కనిపించవచ్చు, నోరు ఎండిపోతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. చూపు తేటపడేదాకా బండి నడపకూడదు, స్కూటరు కూడా. అసలు సంగతేమిటంటే, ఈ మందు మూత్రసంచి కండరాన్ని కూడా మందగింపజేస్తుంది. గ్రంథి పెరిగి అప్పటికే ధార సన్నగా వస్తున్నవారికి మూత్రం మొత్తానికే ఆగిపోయే అవకాశం ఉంటుంది. సెంటర్‌లోనే ఒకసారి మూత్రానికి వెళ్లి, ధార మామూలుగానే వస్తోందని చూసుకుని బయల్దేరండి.

కౌంటరు వదిలే ముందు

చాలామంది బిల్లు కట్టేసి వెళ్లిపోతారు, ఆ తర్వాత తిరగలేక అవస్థపడతారు. కాబట్టి ఇక్కడే మూడు పనులు ముగించుకోండి.

మొదటిది సీడీ. పెద్ద కవరులో ఇచ్చే ఫిల్ములు చూడ్డానికి ఘనంగా ఉంటాయి గానీ, వాటిలో ఉండేది ఏరి అచ్చువేసిన కొన్ని బొమ్మలే. రెండో డాక్టరు అభిప్రాయం కావాలన్నా, రేపు ఎమ్మారై బొమ్మని అల్ట్రాసౌండ్ మీద కలిపి చేసే ఫ్యూజన్ బయాప్సీ (గ్రంథిలోంచి సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షించడం) అవసరమైనా, స్కాన్ యంత్రాలు వాడే డైకామ్ ఫార్మాట్‌లో మొత్తం బొమ్మలు కావాలి. "సీడీలో అన్ని సీక్వెన్సులూ ఉన్నాయా, డిఫ్యూజన్, దాన్నుంచి లెక్కగట్టిన ఏడీసీ బొమ్మలు కూడా ఉన్నాయా" అని అడగండి. ఇంట్లో ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటు లేకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారేమో కనుక్కోండి. లింకు లేదా క్యూఆర్ కోడ్ ఇస్తే ఆ రోజే డౌన్‌లోడ్ చేసుకోండి, కొన్ని లింకులకి గడువు ఉంటుంది. ఫిల్ముని కిటికీకి ఆనించి ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఏ డాక్టరూ నమ్మకంగా ఏమీ చెప్పలేరు.

రెండోది పేరు, వయసు, ఐడీ నంబరు, స్కాన్ తేదీ అన్నీ రసీదు మీదా కవరు మీదా ఒకేలా ఉన్నాయా అని చూడడం. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడితే బీమా దగ్గరా ఆరోగ్యశ్రీ దగ్గరా తర్వాత చిక్కు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, దాదాపు అందరూ వదిలేసేది కూడా ఇదే. రిపోర్టు రాయబోయే రేడియాలజిస్టుకి మీ గురించి తెలియాల్సినవి తెలిశాయా? స్కాన్‌కి ముందు నింపిన ఫారంలో చాలాచోట్ల 'పీఎస్ఏ పెరిగింది' అన్న ఒక్క మాటే ఉంటుంది. రిపోర్టు రాసేలోగా ఈ వివరాలు చేరేలా చూడండి:

పీఎస్ఏ ఎంత, ఏ తేదీన చేయించారు. ఇంతకుముందు బయాప్సీ చేయించుకుని ఉంటే ఎప్పుడు, ఏం తేలింది. బయాప్సీ సూదులు గుచ్చిన చోట రక్తం గడ్డకట్టి వారాల తరబడి ఉండిపోతుంది, అది స్కాన్‌లో గడ్డలా మభ్యపెట్టగలదు. గ్రంథిని కుదించే ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ మాత్రలు వాడుతున్నారా. మూత్రపు దారి గుండా గ్రంథిని చెక్కే టీయూఆర్పీ ఆపరేషన్ అయిందా. ఈమధ్య మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందా. మూత్రసంచి క్యాన్సర్‌కి బీసీజీ మందు సంచిలోకి ఎక్కించారా, గతంలో టీబీ ఉందా. ఈ చివరి రెండూ గ్రంథిలో కలిగించే వాపు ఎమ్మారైలో అచ్చం క్యాన్సర్‌లాగే కనిపించవచ్చు. ఫారంలో రాయకపోతే ఇప్పుడైనా తెల్లకాగితం మీద రాసి కౌంటర్లో ఇవ్వండి. పాత స్కాన్ సీడీ ఉంటే అదీ ఇవ్వండి. ఈ చిన్న కాగితం వల్ల అనవసరమైన బయాప్సీ ఒకటి తప్పిపోవచ్చు.

ఆ రోజు ఇంట్లో

భోజనం మామూలుగా చేయవచ్చు. బీపీ, షుగరు మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు ఏవీ ఆపనక్కర్లేదు. షుగరున్నవారికి ఇంట్లో ఎవరో ఒకరు "స్కాన్ మందు ఎక్కించారుగా, మెట్‌ఫార్మిన్ రెండు రోజులు ఆపాలి" అని చెబుతారు. ఆ జాగ్రత్త సీటీ స్కాన్‌కిచ్చే అయోడిన్ మందుకి సంబంధించినది, అదీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి. ఎమ్మారై గాడోలీనియంకి మెట్‌ఫార్మిన్ ఆపాల్సిన పనిలేదు.

"నీళ్లు బాగా తాగండి, మందు కడుక్కుపోతుంది" అన్న సలహాని అతిగా పాటించినా ప్రమాదమే. కిడ్నీలు బాగున్న మనిషిలో ఈ మందు 90 శాతానికి పైగా 24 గంటల్లో మూత్రంలో వెళ్లిపోతుంది. సాయంత్రం లోపు మామూలు కంటే రెండు గ్లాసులు ఎక్కువ తాగితే చాలు. గ్రంథి పెరిగినవారు రెండు మూడు లీటర్లు ఒక్కసారిగా తాగితే సంచి అమాంతం సాగిపోయి మూత్రం బిగుసుకుపోతుంది. గుండె జబ్బుతో నీళ్లకి కొలత ఉన్నవారు ఆ కొలత దాటకూడదు. డయాలసిస్‌లో ఉన్నవారు మందు ఎక్కించినట్టు ఆ యూనిట్‌కి ముందే చెప్పి ఉంచాలి.

స్కాన్ మాత్రమే అయితే మూత్రంలోగానీ మలంలోగానీ రక్తం రాకూడదు. బయాప్సీ కూడా అయి ఉంటే లెక్క వేరు: మూత్రం కొద్ది రోజులు ఎర్రగా రావచ్చు, వీర్యంలో రంగు కొన్ని వారాలు ఉండవచ్చు. దాంపత్యానికి అడ్డేమీ లేదు. అయితే పీఎస్ఏ మళ్లీ చేయించాల్సి వస్తే దానికి ముందు 48 గంటలు వీర్యస్ఖలనం లేకుండా, సైకిల్ తొక్కకుండా ఉండాలి.

రిపోర్టు కోసం ఆగకూడని సందర్భాలు

కొన్ని లక్షణాలు కనిపిస్తే రిపోర్టు వచ్చిందా రాలేదా అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 108కి ఫోన్ చేయవచ్చు.

ఆరు గంటలుగా మూత్రం రాక పొత్తికడుపు నొప్పిగా, గట్టిగా ఉబ్బితే క్యాజువాలిటీకి వెళ్లి గొట్టం పెట్టించుకోవాలి. "చుక్కలు చుక్కలుగా వస్తోందిగా" అని ఊరుకోకండి. నిండిన సంచి పొర్లడం వల్ల కూడా చుక్కలే పడతాయి. వేడి నీళ్ల కాపడం, బార్లీ నీళ్లు, ఇంకాసిన్ని నీళ్లు తాగడం అప్పుడు పనికిరావు. చివరిది ఇంకా హాని చేస్తుంది.

చలితో వణుకుతూ 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, ముఖ్యంగా బయాప్సీ తర్వాత వస్తే, అదే రాత్రి వెళ్లాలి. పారాసిటమాల్ వేసి తెల్లవారనిద్దామనుకోవద్దు. ఆయాసం, ముఖం వాపు, మూత్రంలో రక్తపు గడ్డలు కూడా అంతే. హయోసిన్ తీసుకున్నాక కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి వచ్చి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా కావచ్చు, గంటల్లో కంటి డాక్టరుకి చూపించాలి. ఇక నడుమునొప్పి కొత్తగా మొదలై కాళ్లలో బలం తగ్గుతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, మలమూత్రాల మీద పట్టు పోయినా అది వెన్నుపాము మీద ఒత్తిడికి గుర్తు. వెంటనే చికిత్స అందకపోతే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది.

ఎన్నాళ్లు పడుతుంది

ప్రైవేటు స్కానింగ్ సెంటర్లలో అదే సాయంత్రం నుంచి రెండు రోజుల్లోపు రిపోర్టు వస్తుంటుంది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో రద్దీని బట్టి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. బ్రిటన్‌లో ఉండే తెలుగువారికి అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ లెక్క వేరు: క్యాన్సర్ అనుమానంతో పంపినప్పుడు, అవునో కాదో 28 రోజుల్లో చెప్పాలన్నది అక్కడి లక్ష్యం. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి రిపోర్టు సిద్ధం కాగానే ఆలస్యం లేకుండా పేషెంటు పోర్టల్‌లో కనబడేలా చట్టం ఉంది. అందుకే అక్కడ డాక్టరు కంటే ముందే ఫోన్‌లో చదివేసి కంగారుపడేవారు ఎక్కువ. శుక్రవారం సాయంత్రం నోటిఫికేషన్ వస్తే, సోమవారం దాకా అడగడానికి ఎవరూ దొరకరని గుర్తుంచుకుని తెరవాలో వద్దో నిర్ణయించుకోండి.

ఆలస్యమైందంటే చెడ్డ కబురు అనుకోవద్దు. పాత స్కాన్ తెప్పించుకుంటున్నా, ఇంకో రేడియాలజిస్టుకి చూపించి నిర్ధారించుకుంటున్నా, మధ్యలో ఆదివారం పడినా ఆలస్యం అవుతుంది. చెప్పిన రోజు దాటిపోతే మర్నాడు ఫోన్ చేసి, ఐడీ నంబరు, స్కాన్ తేదీ చెప్పి, "రిపోర్టు రాయడం అయిందా, ఇంకా డాక్టరుగారి దగ్గరే ఉందా? మా వైపు నుంచి వివరాలేమైనా కావాలా?" అని అడగండి. "ఎప్పుడొస్తుంది" అని అడిగితే "రేపు" అంటారు. పై ప్రశ్నకైతే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

ఈ లోపు జబ్బు ముదిరిపోతుందేమో అన్న భయం సహజం. ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం నెలల్లో, ఏళ్లలో కదిలేవి. వారం పది రోజుల ఎదురుచూపు వల్ల చికిత్స మారదు. పైన చెప్పిన అత్యవసర లక్షణాలు లేనంతవరకు ఇది నిజం.

ఎదురుచూసే రోజుల్లో ఫైలు కట్టండి

యూరాలజిస్టు దగ్గర మీకు దొరికే సమయం పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ పాత కాగితాలు వెతకడంలోనే అయిపోతే అడగాల్సినవి మిగిలిపోతాయి.

ఒక కాగితం మీద పీఎస్ఏలన్నీ తేదీలవారీగా, ఏ ల్యాబో కూడా రాయండి. ఒక్క అంకె కంటే, రెండు మూడేళ్లలో అది ఎలా నడిచిందన్నదే డాక్టరుకి ఎక్కువ చెబుతుంది. ఫినాస్టెరైడ్ లేదా డ్యుటాస్టెరైడ్ ఆరు నెలలకి పైగా వాడుతుంటే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే 3 అని కనిపించేది అసలు 6 కావచ్చు. మూత్రం సులువుగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్‌తో కలిపి డ్యుటాస్టెరైడ్ ఒకే మాత్రలో వస్తుంది కాబట్టి చాలామందికి తాము వాడుతున్నట్టే తెలియదు. మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చూసి రాసుకోండి.

కుటుంబ చరిత్ర రాయండి. నాన్నకి, అన్నదమ్ములకి, మేనమామలకి ప్రోస్టేట్ క్యాన్సర్ ఏ వయసులో వచ్చింది. అమ్మకి, అక్కచెల్లెళ్లకి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా. రెండో ప్రశ్నకి దీనికి సంబంధమేమిటి అనిపిస్తుంది గానీ, బీఆర్‌సీఏ జన్యులోపం ఆడవారిలో ఆ క్యాన్సర్లకీ మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కీ దారితీయవచ్చు.

మూడు రోజులు మూత్రపు లెక్క రాయండి. గీతలున్న అర లీటరు మగ్గు ఒకటి బాత్రూంలో పెట్టుకుని, ఎన్నింటికి ఎంత వచ్చింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు అన్నది రాస్తే చాలు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారంటే అది క్యాన్సర్ గుర్తు అనుకుంటారు. తరచుగా వెళ్లడం, ధార సన్నబడడం ఎక్కువగా వయసుతోపాటు గ్రంథి పెరగడం వల్ల వచ్చేవి. తొలిదశ క్యాన్సర్‌కి సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు.

చేయకూడనివీ ఉన్నాయి. ఇంకోసారి చూద్దామని వారంలోపే పీఎస్ఏ మళ్లీ చేయించకండి. అంకె కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది, పెరిగితే భయం, తగ్గితే లేనిపోని ధీమా. మూత్రంలో మంట, జ్వరం లేకుండా పీఎస్ఏ తగ్గించడానికని యాంటీబయాటిక్ కోర్సు వాడకండి. అలా తగ్గిన అంకె క్యాన్సర్ లేదని చెప్పదు, పైగా రేపు బయాప్సీ సమయంలో ఆ మందుకి లొంగని క్రిములు ఇబ్బంది పెడతాయి. బయాప్సీ పడొచ్చని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీ అంతట మీరు ఆపకండి, గుండెకి స్టెంటు వేయించుకున్నవారైతే అసలే ఆపకూడదు. జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో తరచూ క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటాయి. గ్రంథి పెరిగినవారికి మూత్రం బిగబట్టేవి ఇవే. మలబద్ధకం కూడా అదే పని చేస్తుంది.

ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది చాలామంది మగవారిని తినేసే ప్రశ్న. "ఏమీ తేలకముందే వాళ్లని ఎందుకు భయపెట్టాలి" అని దాచేస్తారు. కానీ పక్కన పడుకునే మనిషికి నిద్రపట్టని సంగతి తెలియకుండా ఉండదు, తెలియని భయం ఇంకా పెద్దది. "ఒక పరీక్ష చేయించుకున్నాను, రిపోర్టు రావాలి, వచ్చాక నువ్వు కూడా రా" అన్నంత చెప్పినా చాలు. పిల్లలు విదేశాల్లో ఉంటే రిపోర్టు ఎవరి ఫోన్‌కి రావాలో, డాక్టరుతో ఎవరు మాట్లాడాలో ముందే ఒక్కరిని అనుకోండి. నాన్నగారి రిపోర్టు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పడి, ఆయన చూడకముందే పెదనాన్న కొడుకు ఫోన్ చేసి ధైర్యం చెప్పడం ఎవరికీ జరగకూడదు.

రిపోర్టు వచ్చాక ఏ వరుసలో చదవాలి

అందరూ చివరి పేరాకి ఉరుకుతారు. ముందు పైన మొదలుపెట్టండి. పేరు, తేదీ మీవేనా. తర్వాత గ్రంథి పరిమాణం. ఉదాహరణకి 5.2 × 4.5 × 5.0 సెంటీమీటర్లు అని ఉంటే, మూడింటినీ గుణించి 0.52తో గుణిస్తే సుమారు 61 సీసీ వస్తుంది. మీ పీఎస్ఏ 6.1 అనుకుందాం. 6.1ని 61తో భాగిస్తే 0.10. దీన్ని పీఎస్ఏ డెన్సిటీ అంటారు. గ్రంథి పెద్దదైతే పీఎస్ఏ కూడా ఎక్కువే తయారవుతుంది కాబట్టి ఈ లెక్క. అదే 6.1 పీఎస్ఏ 28 సీసీ గ్రంథిలోంచి వస్తే 0.22 అవుతుంది. 0.15 దాటితే డాక్టర్లు జాగ్రత్తగా చూస్తారు. రిపోర్టులో ఈ అంకె లేకపోతే మీరే లెక్కకట్టి ఫైలు మీద రాసుకెళ్లండి.

ఆ తర్వాత పైరాడ్స్ స్కోరు. 1 నుంచి 5 వరకు ఉంటుంది. చికిత్స అవసరమయ్యే రకం క్యాన్సర్ ఉండే అవకాశం ఎంత అన్నదే అది చెబుతుంది. 1, 2 అంటే అవకాశం తక్కువ. 3 అంటే ఎటూ తేల్చలేనిది. 4 అంటే ఎక్కువ, 5 అంటే చాలా ఎక్కువ. 4కీ 5కీ తేడా చాలావరకు పరిమాణమే: అనుమానంగా కనిపించిన మచ్చ 1.5 సెంటీమీటర్లు దాటినా, గ్రంథి పొర దాటినట్టు స్పష్టంగా కనిపించినా 5 ఇస్తారు. ఇది క్యాన్సర్ దశ కాదు. "పైరాడ్స్ 4" అనగానే "నాలుగో స్టేజీ" అనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చిన సందర్భాలు ఉన్నాయి. స్టేజీకీ దీనికీ సంబంధం లేదు. అలాగే ఇది క్యాన్సర్ ఎంత దూకుడైనదో చెప్పే గ్లీసన్ స్కోరూ కాదు. ఆ స్కోరు బయాప్సీ ముక్కని మైక్రోస్కోపులో చూశాకే వస్తుంది. క్యాన్సర్ అవునని తేల్చేది ఆ ముక్కే, ఎమ్మారై కాదు.

మచ్చ ఎక్కడుందో రాసే భాష తికమకపెడుతుంది. 'బేస్' అంటే అడుగు అనుకుంటాం గానీ, ప్రోస్టేట్‌లో బేస్ పైన ఉంటుంది, మూత్రసంచిని ఆనుకుని. 'ఎపెక్స్' కింద ఉంటుంది. ఫిల్ము మీద ఎడమ పక్కన కనిపించేది మీ కుడి వైపు. 'పెరిఫెరల్ జోన్' అంటే వెనక, మలద్వారం వైపున్న బయటి పొర, ఎక్కువ క్యాన్సర్లు పుట్టేది అక్కడ. 'ట్రాన్సిషన్ జోన్' లోపలి భాగం, వయసుతో ఉబ్బేది అది. అక్కడ కనిపించే 'బీపీహెచ్ నాడ్యూల్స్' ఆ ఉబ్బు వల్ల వచ్చిన గడ్డలే, క్యాన్సర్ గడ్డలు కావు.

తర్వాత చూడాల్సినవి గ్రంథి పొర చెక్కుచెదరకుండా ఉందా, సెమినల్ వెసికల్స్ అనే వీర్య సంచులు బాగున్నాయా, లింఫ్ గ్రంథులు ఉబ్బాయా, కటి ఎముకల గురించి ఏమన్నారు. బొమ్మలు కదిలిపోయాయనో, తుంటి కీలు ఆపరేషన్ లోహం వల్ల డిఫ్యూజన్ సరిగ్గా రాలేదనో రాసి ఉంటే ఆ వాక్యం కింద గీత గీయండి. అలాంటప్పుడు 'ఏమీ లేదు' అన్న మాటకి అంత బలం ఉండదు.

ఆ తర్వాత ఏం జరగొచ్చు

4, 5 వస్తే బయాప్సీ దాదాపు ఖాయం. మచ్చ ఉన్నచోట గురిపెట్టి కొన్ని ముక్కలు, చుట్టూ మిగతా గ్రంథిలోంచి కొన్ని తీస్తారు. మలద్వారం గుండా చేస్తారా, వృషణాల వెనక చర్మం గుండా చేస్తారా అని అడగండి. రెండోదానిలో ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ. "ఎమ్మారై మచ్చని ఎలా గురిపెడతారు, ఫ్యూజన్ మెషీన్ ఉందా, కంటి అంచనాతోనా?" అన్న ప్రశ్న కూడా అడగదగ్గదే. 3 వస్తే పీఎస్ఏ డెన్సిటీ, కుటుంబ చరిత్ర, వేలి పరీక్ష చూసి బయాప్సీనా, కొన్ని నెలలు కనిపెట్టి ఉండడమా అని నిర్ణయిస్తారు. మీరు కట్టిన ఫైలు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

రిపోర్టు మీద అనుమానం ఉంటే సీడీతో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, డాక్టరుగారు నొచ్చుకుంటారేమో అని మొహమాటపడనక్కర్లేదు. క్యాన్సర్ వైద్యానికి ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

1, 2 వస్తే డెన్సిటీ తక్కువగా ఉన్నవారికి ఎక్కువగా బయాప్సీ తప్పిపోతుంది. 2018లో వెలువడిన ప్రెసిషన్ అధ్యయనంలో ముందుగా ఎమ్మారై చేసినవారిలో 28 శాతం మందికి బయాప్సీ అవసరమే రాలేదు. అయితే ఎమ్మారై అన్నిటినీ పట్టదు. డెన్సిటీ ఎక్కువగా ఉంటేనో, వేలికి గట్టిగా తగిలితేనో, స్కాన్ బాగున్నా కూడా బయాప్సీ చేయమనవచ్చు. బయాప్సీ వద్దనుకుంటే "పీఎస్ఏ మళ్లీ ఎప్పుడు, ఎంత దాటితే మీ దగ్గరికి రావాలి" అన్న రెండు అంకెలు చీటీ మీద రాయించుకోండి. ఆ పీఎస్ఏని ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. సీడీని మాత్రం ఫైలులోంచి తీయకండి. రేపెప్పుడైనా మళ్లీ స్కాన్ పడితే రేడియాలజిస్టు మొదట అడిగేది దాన్నే.